వినోద పార్కులో ఎన్ని రోజులు? కుటుంబ బడ్జెట్‌కు అసలు పరీక్ష రెండో రోజే

పిల్లల సెలవులు దగ్గరపడగానే మధ్యతరగతి ఇళ్లలో మొదలయ్యే చర్చకు ఇటీవలి కాలంలో మరో అంశం తోడైంది. ఎక్కడికి వెళ్లాలన్నది తేలిన తర్వాత, అక్కడ ఎన్ని రోజులు ఉండాలన్నది తేలటం లేదు. తీర్థయాత్రకు, బంధువుల ఇంటికి, వేసవి విడిదికి ఎన్ని రోజులు కేటాయించాలో తరతరాల అనుభవం చెబుతుంది. వినోద పార్కు విషయంలో అటువంటి ఆనవాయితీ ఏదీ లేదు. ఒక రోజు చాలునని పెద్దలు, రెండు రోజులైనా ఉండాలని పిల్లలు పట్టుబడుతుండగా, రెండో రోజు టికెట్టుపై రాయితీ, హోటల్ గదితో కలిపిన ప్యాకేజీ అంటూ యాజమాన్యాలు పిల్లల పక్షాన నిలుస్తున్నాయి.

ఈ రాయితీలు ఎంత ఆకర్షణీయంగా కనిపించినా, దేశంలోని వినోద పార్కుల్లో అత్యధికం ఒక రోజు సందర్శనను దృష్టిలో ఉంచుకుని నిర్మించినవే. అందువల్ల అదే పార్కులో గడిపే రెండో రోజు దాదాపు మొదటి రోజంత ఖర్చు తెచ్చిపెడుతుంది గానీ అంత వినోదాన్ని ఇవ్వదు. ఏటా ఒకసారి మాత్రమే విహారయాత్రకు డబ్బు కూడబెట్టగల కుటుంబానికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

నగరం అంచున పుట్టిన పార్కులు

దేశంలో ఆధునిక వినోద పార్కుల చరిత్ర ఢిల్లీలోని అప్పూఘర్‌తో ప్రారంభమైందని చెప్పవచ్చు. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన ఏనుగు పిల్ల పేరిట ప్రగతి మైదాన్‌లో 1984లో వెలసిన ఈ పార్కు 2008లో మూతపడింది. ముంబై శివార్లలోని గొరాయిలో 1989లో ఎస్సెల్ వరల్డ్, కలకత్తా సాల్ట్ లేక్‌లో 1991లో నిక్కో పార్కు ప్రారంభమయ్యాయి. హైదరాబాద్ సమీపంలో 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ ఏర్పడింది. కొచ్చిలో 2000లో వీగాలాండ్ పేరిట మొదలైన సంస్థ తర్వాత వండర్‌లాగా మారి, 2005లో బెంగుళూరుకు, 2016లో హైదరాబాద్‌కు, 2024లో భువనేశ్వర్‌కు విస్తరించింది. పొరుగున బంగ్లాదేశ్‌లోనూ ఢాకా శివార్లలోని ఆశూలియాలో ఫాంటసీ కింగ్‌డమ్ ఇదే పద్ధతిలో వెలసింది.

వీటన్నింటిలో కనిపించే సామ్యం స్థల నిర్ణయం. మహానగరం అంచున చౌకగా భూమి దొరికే చోటు చూసి, ఆ నగర ప్రజలు ఉదయం వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరేలా ఇవి రూపొందాయి. పాఠశాలల బస్సులు, కార్యాలయాల సిబ్బంది బృందాలు, ఆదివారం వచ్చే నగర కుటుంబాలే వీటికి ప్రధాన ఆధారం. ఒక్క ప్రవేశ రుసుముతో లోపలి రైడ్లలో అత్యధికం ఎక్కే ఏర్పాటు కూడా ఒక రోజు సందర్శనకు తగినదే.

అమెరికాలోని ఆర్లాండో పరిస్థితి ఇందుకు భిన్నం. 1971లో ఒక్క పార్కుతో ప్రారంభమైన వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు 1982, 1989, 1998 సంవత్సరాలలో మరో మూడు తోడయ్యాయి. ఇప్పుడు ఒకే ప్రాంగణంలో నాలుగు వేర్వేరు థీమ్ పార్కులు, వాటికి తోడు జలక్రీడా పార్కులు ఉన్నాయి. టికెట్టు ఎక్కువ రోజులకు తీసుకున్న కొద్దీ రోజుకు పడే ధర తగ్గుతుంది. అక్కడ నాలుగైదు రోజులు గడపటమంటే రోజుకొక కొత్త పార్కు చూడటమే. అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్లివచ్చిన తెలుగు తల్లిదండ్రులు ఆ అనుభవాన్ని ఇక్కడి పార్కులకు వర్తింపజేయాలని చూస్తే లెక్క తప్పుతుంది.

సగటు తగ్గినా ఖర్చు పెరుగుతుంది

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు వచ్చే నలుగురు సభ్యుల కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. లెక్క సౌలభ్యం కోసం పార్కు ప్రవేశం తలకు 1,300 రూపాయలు, హోటల్ గది రాత్రికి 4,000, భోజనాలు రోజుకు 2,000, స్థానికంగా తిరగటానికి రోజుకు 1,500, రానుపోను ప్రయాణానికి 6,000 రూపాయలు అనుకుందాం. ముందు రోజు బయలుదేరి, రాత్రి హోటల్లో బసచేసి, మరునాడంతా పార్కులో గడిపి ఇంటిముఖం పడితే మొత్తం 20,700 రూపాయలవుతుంది. ఇందులో భోజనాలు రెండు రోజులకు, స్థానిక ప్రయాణం ఒక రోజుకు లెక్కించటం జరిగింది.

అదే పార్కుకు రెండో రోజు కూడా వెళితే టికెట్లకు 5,200, గదికి 4,000, భోజనాలకు 2,000, తిరుగుడుకు 1,500 కలిపి అదనంగా 12,700 రూపాయలు కావాలి. మొత్తం 33,400కు చేరుతుంది. పార్కులో గడిపిన ఒక్కో రోజుకు పడిన సగటు ఖర్చు 20,700 నుంచి 16,700కు తగ్గినట్టు కనిపిస్తుంది. ప్యాకేజీల ప్రకటనలు చూపించేది ఈ సగటునే. కానీ కుటుంబం జేబు నుంచి పోయేది సగటు కాదు, మొత్తం. అది 61 శాతం పెరిగింది.

రెండో రోజు టికెట్టుపై సగం రాయితీ ఇచ్చినా పరిస్థితి పెద్దగా మారదు. మిగిలేది 2,600 రూపాయలే. రెండో రోజు అదనపు ఖర్చులో ఇది సుమారు ఐదో వంతు మాత్రమే. తక్కిన గది అద్దె, భోజనం, ప్రయాణం యథాతథంగా ఉంటాయి. చిన్న వ్యాపారులకు, రోజువారీ సంపాదనపై ఆధారపడిన వారికి దుకాణం మూసిన మరో రోజు నష్టం దీనికి అదనం.

పన్నుల విషయంలో వినియోగదారునికి కొంత ఊరట లభించిన మాట నిజమే. 2017 జూలైలో వస్తు, సేవల పన్ను అమల్లోకి వచ్చినప్పుడు థీమ్ పార్కుల ప్రవేశంపై 28 శాతం విధించగా, పరిశ్రమ వర్గాల విజ్ఞప్తుల మేరకు 2018 జనవరి 25 నుంచి దానిని 18 శాతానికి తగ్గించారు. రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉండే హోటల్ గదులపై పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం స్థానంలో 5 శాతమైంది. 4,000 రూపాయల గదిపై పన్ను 480 నుంచి 200 రూపాయలకు దిగింది. అయినా 280 రూపాయల ఆదా కోసం మరో రాత్రి ఉండాలని ఏ గృహస్థుడూ నిర్ణయించుకోడు.

ఉద్యోగుల విహారయాత్ర రాయితీ కూడా రోజుల సంఖ్యను పెంచటానికి తోడ్పడదు. ఆదాయపు పన్ను మినహాయింపు నాలుగేళ్ల కాలంలో రెండు ప్రయాణాలకు, అదీ ప్రయాణ చార్జీలకే పరిమితం. హోటల్ అద్దె, భోజనం, పార్కు టికెట్టు దాని పరిధిలోకి రావు. పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికే ఆ మినహాయింపు వర్తిస్తుంది. అంటే ఒక రోజున్నా మూడు రోజులున్నా పన్నులో కలిసివచ్చేది ఒక్కటే.

క్యూలలో కరిగే కాలం

ఒక రోజు చాలదన్న ఫిర్యాదు పూర్తిగా నిరాధారమని చెప్పలేము. పెద్ద పార్కులు సాధారణంగా ఉదయం 10, 11 గంటల మధ్య తెరుచుకుని సాయంత్రం మూసుకుంటాయి. భోజన విరామం పోగా ఏడు గంటలు చేతిలో ఉన్నాయనుకుంటే, ఒక్కో రైడ్‌కు వేచి ఉండే సమయంతో కలిపి ముప్పావు గంట పట్టే రోజున తొమ్మిది రైడ్లకు మించి ఎక్కలేరు. అదే ఇరవై నిమిషాలకు తగ్గితే ఇరవై దాటుతాయి. రద్దీ రోజున రెండు రోజులు పట్టే వినోదం రద్దీ లేని రోజున ఒక్కరోజులో పూర్తవుతుందన్నమాట. ఎన్ని రోజులు అన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఏ రోజు అన్న ప్రశ్నలోనే ఉన్నది.

సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల ఆదివారాల్లో కంటే మామూలు వారంలో మంగళ, బుధ, గురువారాల్లో రద్దీ తక్కువ. అయితే పిల్లల బడి, తల్లిదండ్రుల ఉద్యోగం ఆ వెసులుబాటును అందరికీ ఇవ్వవు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో 1985 నుంచి వారానికి ఐదు రోజుల పనిదినాలు అమలవుతున్నాయి. బ్యాంకులకు 2015 సెప్టెంబర్ నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు. కనుక ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువగా ఆ శని, ఆదివారాల్లోనే వస్తాయి. వీలున్నవారు వేసవి సెలవుల్లో పనిదినాన్ని ఎంచుకుని ఒక్కరోజు సెలవు పెట్టటం, రెండు రద్దీ రోజులకు డబ్బు చెల్లించటం కంటే లాభదాయకం.

క్యూలో ముందుకు పంపే ప్రత్యేక టికెట్లను పెద్ద పార్కులు అదనపు ధరకు అమ్ముతున్నాయి. వాటి ధర మామూలు టికెట్టుకు రెట్టింపైనా, పై ఉదాహరణలో అదనంగా పడేది 5,200 రూపాయలే. రెండో రోజుకయ్యే 12,700తో పోలిస్తే ఇది సగం కన్నా తక్కువ. కాగా, ఒకరికి ముందు దారి ఇచ్చిన ప్రతిసారీ మామూలు వరుసలో నిలబడినవారు మరికొంత వేచి ఉండవలసి వస్తుంది. ఆ వరుసే రెండో రోజు కోరికకు మూలమవుతున్నదన్నది గమనార్హం.

పిల్లల వయసు కూడా నిర్ణయాత్మకమే. పెద్ద రైడ్లలో కొన్నింటికి 140 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలన్న నిబంధన ఉన్నది. ఆరేళ్ల బాలుడికి ఎక్కదగిన రైడ్లు సగం పూటలో అయిపోతాయి. మధ్యాహ్నపు ఎండకు అలసిన పసిపిల్లలకు రెండో రోజు వినోదం కంటే శ్రమగా మారే అవకాశమే ఎక్కువ. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలున్న ఇంటికి మాత్రం ఒక నిండు రోజు కచ్చితంగా కావాలి.

యాజమాన్యాల ఆరాటం

సందర్శకుడిని రాత్రి ఆపగలిగితే తప్ప ఆదాయం పెరగదని పరిశ్రమ గ్రహించింది. భారీ యంత్రాలపై పెట్టిన పెట్టుబడికి వడ్డీ ఏడాది పొడవునా నడుస్తుంది. జనం మాత్రం సెలవుల్లోనే వస్తారు. గది, భోజనం అమ్మగలిగితే ఈ వెలితి కొంత పూడుతుంది. వండర్‌లా బెంగుళూరు పార్కు పక్కన రిసార్టు నిర్మించటానికి, రామోజీ ఫిల్మ్ సిటీ సొంత హోటళ్లను నడపటానికి నేపథ్యం ఇదే.

ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్ రహదారిపై ఖోపోలీ వద్ద 2013లో ప్రారంభమైన ఇమాజికా ఈ దిశగా మరింత ముందుకు వెళ్లింది. థీమ్ పార్కుకు తోడు 2014లో జలక్రీడా పార్కును, తర్వాత హోటల్‌ను సమకూర్చుకున్నది. అయినప్పటికీ అప్పుల భారం తట్టుకోలేక, 2022లో మాల్పానీ గ్రూపు చేతికి మారింది. కుటుంబాలను రెండు, మూడు రోజులు ఆపే విహార కేంద్రాన్ని నడపటం ఈ దేశంలో ఎంత కష్టమో ఆ అనుభవం చాటుతున్నది.

రెండో రోజు ఎప్పుడు సమంజసం?

ఒకే టికెట్టుతో నేల మీది రైడ్లు, నీటి రైడ్లు రెండూ లభించే పార్కుకు ఒక రోజు సరిపోతుంది. ఇమాజికా మాదిరిగా రెండింటికీ వేర్వేరు టికెట్లున్న చోట, రెండూ చూడదలచిన కుటుంబానికి రెండు రోజులు సమంజసమే. అక్కడ రెండో రోజు కొత్త పార్కు చూసినట్టవుతుంది. దూరం కూడా లెక్కలోకి వస్తుంది. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో ప్రయాణ చార్జీలే భారీగా పెట్టుకుని వచ్చినవారు ఒక్క రోజుతో వెనుదిరగటం కష్టమే. అయితే ఆ రెండో రోజు అదే పార్కులో గడపవలసిన పని లేదు.

హైదరాబాద్ ఇందుకు మంచి నిదర్శనం. విజయవాడ నుంచి వచ్చేవారికి నగరం కంటే ముందే రామోజీ ఫిల్మ్ సిటీ తగులుతుంది. వండర్‌లా ఔటర్ రింగ్ రోడ్డుపై రావిర్యాల వద్ద ఉన్నది. ఒకే బసతో రోజుకొకటి చొప్పున రెండూ చూడవచ్చు. అంత ఖర్చు భరించలేనివారు రెండో రోజును గోల్కొండ కోటకు, సాలార్‌జంగ్ మ్యూజియంకు, నెహ్రూ జంతుప్రదర్శనశాలకు కేటాయిస్తే, టికెట్లకు పెట్టదలచిన 5,200 రూపాయల్లో అధిక భాగం మిగులుతుంది. మ్యూజియంకు శుక్రవారం, జంతుప్రదర్శనశాలకు సోమవారం సెలవన్నది గుర్తుంచుకోవాలి.

బస విషయంలోనూ ఒక సూక్ష్మం ఉన్నది. ఒక్క రాత్రికే గది తీసుకోగలిగితే, అది పార్కు చూసిన తర్వాతి రాత్రి కంటే ముందు రాత్రి కావటం మేలు. గేటు తెరిచే వేళకు చేరుకున్న కుటుంబానికి తొలి రెండు గంటల్లో క్యూలు తక్కువగా ఉంటాయి. రాత్రంతా బస్సులో కూర్చుని, మధ్యాహ్నానికి పార్కు చేరినవారు ఆ రోజు సగాన్ని పోగొట్టుకుంటారు. ఒక రోజు చాలలేదన్న అసంతృప్తి వారికే ఎక్కువగా మిగులుతుంది.

టికెట్టు కొనే ముందు కుటుంబం వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. రెండో రోజు చూడబోయేది మొదటి రోజు చూడనిదేనా? అవునైతే ఆ ఖర్చుకు అర్థం ఉన్నది. కాకపోతే ఆ 12,700 రూపాయలు వచ్చే ఏడాది పిల్లలను మరో ఊరు తీసుకువెళ్లటానికి సగానికి పైగా ప్రయాణ ఖర్చును సమకూరుస్తాయి.