నక్షాలో దాలాన్ ఏదీ?

మొన్న ఒక దఫ్తర్‌లో కొత్త ప్రైమరీ బడి నక్షా చూశాను. మా మెదక్ పట్నంలో ఒక ఉర్దూ మీడియం బడి కోసం గీసింది. రెండు గదులు, టాయిలెట్లు, వంట షెడ్డు, ప్రహరీ. అంతా సాఫ్‌గా ఉంది. గదుల ముందు మాత్రం నాలుగడుగుల సన్నటి పట్టీ ఒకటి. "ఇదేంది సాబ్?" అన్నాను. "నడవటానికి" అన్నాడు ఇంజనీరు. "మరి దాలాన్?" అంటే నవ్వాడు. "ఆ పైసలతో ఇంకో గది వస్తది కదా భాయ్."

ఆ నవ్వుకే ఈ జవాబు.

నేను చదివిన ఉర్దూ బడికి రెండే గదులు, ఇద్దరే ఉస్తాద్‌లు. జమాతులు అయిదు. హిసాబ్ మీరే చేసుకోండి. మూడో జమాత్ మొత్తం నేను దాలాన్‌లోనే చదివాను, స్తంభానికి ఆనుకుని. ఒక చెవిలో ఒకటో జమాత్ వాళ్ల అలిఫ్ బే, ఇంకో చెవిలో అయిదో జమాత్ వాళ్ల పహాడే. ఉస్తాద్ సాబ్ మధ్యలో కుర్చీ వేసుకుంటే రెండు గదుల దర్వాజాలూ ఆయన కళ్ల ముందే. తినటం అక్కడే, వాన పడితే ఆట కూడా అక్కడే. నఖాబ్‌లో వచ్చిన అమ్మీలు బడి వదిలేదాకా ఆ నీడలోనే కూర్చునేవాళ్లు, గేటు బయట సడక్ మీద కాదు.

ఇదేదో బచ్‌పన్ యాదుల మోజు అనుకోకండి. 1987లో షురూ అయిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ కాగితాల్లో ప్రతి ప్రైమరీ బడికి రెండు పెద్ద గదులు, కనీసం ఇద్దరు టీచర్లు, వాటితోపాటు లోతైన వరండా అని సాఫ్‌గా రాశారు. ఢిల్లీ బాబులకు అప్పుడు ఆ ఎరుక ఉండింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ తీయండి. టీచర్‌కో గది, ఆఫీసు గది, టాయిలెట్లు, తాగునీళ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ అన్నీ ఉన్నాయి. వరండా గాయబ్! అదే షెడ్యూల్ అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలంటుంది. అంటే ఒక్కో గదిలో రెండు మూడు జమాతులు, ఒక్క ఉస్తాద్, ఒక్క తఖ్తా.

2022 మార్చి 8న వనపర్తిలో కేసీఆర్ సాబ్ 'మన ఊరు - మన బడి' మొదలుపెట్టారు. 26,065 బడులు, 7,289 కోట్లు, పన్నెండు రకాల పనులు. ఆ ఫెహ్‌రిస్త్‌లో డైనింగ్ హాలు ఉంది, హైస్కూళ్లకు మాత్రమే. మరి ఆరేళ్ల పిల్ల పళ్లెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలి? పైగా మొదటి విడత 9,123 బడులను పిల్లలు ఎక్కువున్న లెక్కన ఏరారు. చిన్న బడి, అందులోనూ ఉర్దూ బడి, లైన్‌లో ఆఖరికే. బిల్డింగ్ బాగా లేదని పిల్లలు పోతారు, పిల్లలు లేరని బిల్డింగ్ రాదు. ఇదెక్కడి ఇన్సాఫ్?

ఇంకో గది అన్నారు కదా ఇంజనీర్ సాబ్, దాంట్లో చెప్పే ఉస్తాద్ ఎవరు? మూడో మనిషిని ఇవ్వకపోతే మూడో గదికి తాళం పడుతుంది. లేదంటే బియ్యం బస్తాలు, విరిగిన బెంచీలు చేరతాయి. దాలాన్‌కు తాళం ఎవరూ వెయ్యలేరు.

పైసల్లేవని మాత్రం మా ఊళ్లో అనకండి. మెదక్ పెద్ద చర్చిని కరువు రోజుల్లో, 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు, పనిచేసినోళ్ల కడుపు నింపుతూ. 1924 డిసెంబర్ 25న తెరిచారు. దాన్ని చూడ్డానికి ఇప్పటికీ దునియా వస్తుంది. అలాంటి ఊళ్లో పసిపిల్లలకు ఎనిమిదడుగుల వరండా కట్టడానికి కంజూసీయా?

2024 నుంచి బడుల రిపేర్ పనులు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల చేతికొచ్చాయి. కమిటీల్లో ఉన్న అక్కలారా, ఆపాలారా, మీ బడికి కొత్త గదుల నక్షా ఎప్పుడొచ్చినా దస్తఖత్‌కు ముందు దాలాన్ ఎన్నడుగులో అడగండి. నేల మీద సుద్దముక్కతో నాలుగడుగులు గీయండి. పిల్లల్ని పళ్లేలతో రెండు వరుసల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టండి. తర్వాత ఇంజనీర్ సాబ్‌కు పప్పు బకెట్ చేతికిచ్చి, మధ్యలోంచి వడ్డించుకుంటూ పొమ్మనండి.