నొప్పి గోలీ కాదు, వారానికొక్క మందు కావాలె

మా నారాయణఖేడ్ దిక్కు కీళ్లు గుంజుతున్నయంటే మొదలు యాదికొచ్చేది మెడికల్ షాపు. డైక్లోఫినాక్ లేకుంటె ఎసిక్లోఫినాక్, దానికి తోడు ఒక గ్యాస్ గోలీ. అప్పటికీ తగ్గకపోతే ఆర్ఎంపీ దగ్గర సూది. జరసేపట్ల చేతులు సాగుతయి, పత్తి ఏరనీకి పోవచ్చు. తెల్లారితే మళ్ల అదే కథ. గిట్ల ఏండ్లకేండ్లు ఎల్లదీస్తున్న ఆడోళ్లు కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద ఊర్లల్ల, తండాలల్ల కనవడ్తరు.

అందరిదీ ఒక్క రోగం కాదు. అరవై దాటినంక మోకాళ్లు అరిగి నొచ్చుడు వేరు. ముప్పై, నలభై ఏండ్ల ఆడామెకు పొద్దున లేవంగనే రెండు చేతుల వేళ్లు వాచి, గంటసేపు పిడికిలి పట్టరాకుంటె అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. ఊర్లె రెండింటికీ కీళ్లవాతమనే పేరు, రెండింటికీ ఒక్కటే గోలీ. అసలు చిక్కు గాడనే ఉన్నది. ఒంట్ల రోగాలతోని కొట్లాడే శక్తి తిరగబడి మన కీళ్లనే తినుడు ఈ రోగం. మొగోళ్ల కన్న ఆడోళ్లకే రెండు మూడింతలు ఎక్కువొస్తది. నొప్పి గోలీ నొప్పిని కొన్ని గంటలు అణుస్తది గని, లోపల ఎముక తినుకపోవుడు ఆపదు. మనం తగ్గిందనుకోని కైకిలికి పోతుంటె వేళ్లు వంకర పోతనే ఉంటయి. ఇన్నేండ్లు మింగినందుకు కడుపుల పుండ్లు, కిడ్నీల మీద దెబ్బ అదనం.

మరి మందు లేదా అంటే, ఉన్నది. పేరు మెథోట్రెక్సేట్. రోగం మూలాన్నే అణిచే మందు ఇది. బిళ్ల అగ్గువ, వారంల ఒక్కరోజు మింగితే సాలు. దీని ఎనుక మన తెలుగాయన ఉన్నడు. 1895ల భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాల లెడర్లె ల్యాబుల నడిపిన పరిశోధన నుంచే ఈ జాతి మందులు పుట్టినయి. మెథోట్రెక్సేట్‌కు తోడు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ సుత ఆయన బృందం తయారు చేసిందే. ఆయన 1948ల పోయిండు. 1988ల అమెరికా ప్రభుత్వం కీళ్ల రోగానికి ఈ మందును ఒప్పుకున్నది. తెలుగాయన చేతి మందు లోకమంత తిరిగింది గని, ఖేడ్ తండాల ఆడామె దాంక వస్తలేదు.

ఎందుకు వస్తలేదు? ఏరియా దవాఖాన స్థాయిల రుమటాలజిస్టు ఉండడు. నిమ్స్‌కు పోవాలంటె వంద కిలోమీటర్లకు పైన. ఒక్కసారి పోతే అయ్యేది కాదు, రక్తం, లివర్ పరీక్షలు నెలకో, మూడు నెలలకో చేయిస్తనే ఉండాలె. ప్రతీసారి రెండు రోజుల కైకిలి పోతది. 2023 డిసెంబర్ల ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచిన్రు, మంచిదే. కాని అది ఎక్కువగ దవాఖానల పండి చేయించుకునే వైద్యానికి. నెలనెల మింగే గోలీకి అక్కరకు రాదు.

ఇంకొకటి. ఈ మందు పట్టు దొరకనీకి ఆరు నుంచి పన్నెండు వారాలు పడ్తది. ఈ నడిమిట్లనే మనోళ్లు పనిజేస్తలేదని ఇడిసిపెడ్తరు. ఆ గ్యాప్‌ల డాక్టర్లు కొన్ని వారాలు తక్కువ డోసు స్టెరాయిడ్ ఇస్తరు. పొద్దున గోరువెచ్చని నీళ్లల్ల చేతులు పెట్టుడు, వేళ్లకు రోజూ కసరత్తు, వాపున్నప్పుడు కీలుకు ఆసరా పట్టీ, బీడీ బంద్ చేసుడు, ఇవి సుత ఎంతో కొంత ఆసరైతయి. అంతే గని, చెట్ల మందని చెప్పి అమ్మే పేరు లేని పొడుల జోలికి పోవద్దు. ఒక్కరోజుల నొప్పి మాయమైతే అండ్ల స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. మొహం ఉబ్బుతది, షుగర్ పెరుగుతది, ఎముకలు గుల్లైతయి. దాన్ని చాన్నాళ్లు మింగినోళ్లు ఒక్కసారే బంద్ చేసినా ప్రమాదమే, డాక్టర్‌కు చెప్పే మానాలె.

బీపీ, షుగర్ గోలీలు ఊర్లకే వస్తున్నయి కద. కీళ్ల మందుకు ఆ తొవ్వ ఎందుకు లేదు? సంగారెడ్డిల 2022 నుంచి సర్కారు మెడికల్ కాలేజీ నడుస్తున్నది. ఆడికెల్లి ఒక డాక్టర్ నెలకు రెండుసార్లు ఖేడ్‌కు వచ్చి చూడొచ్చు, నిమ్స్ డాక్టర్లతోని ఫోన్ల సలహా తీసుకోవచ్చు. ఉచితంగ రక్త పరీక్షలు జేసే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ 2018 నుంచి ఉండనే ఉన్నది. కొత్త బిల్డింగ్ ఏం అక్కర్లేదు.

మందు ఇచ్చే కాడ మాత్రం ఒక్క జాగ్రత్త. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. తెల్వక రోజూ మింగితే పాణం పోతది. కడుపుతోటి ఉన్నోళ్లు, పిల్లలు కావాలనుకునేటోళ్లు మింగొద్దు, కల్లు, సారా ముట్టొద్దు. అందుకే చీటీ మీద ఇంగ్లీషుల గీకుడు కాదు, సోమారం అయితే సోమారం అని తెలుగుల పెద్దగ రాయాలె. సదువు రాని లంబాడ అక్కకు ఆమె మాటల్నే ఆశా కార్యకర్త చెప్పాలె, మళ్ల వారం ఇంటికి పోయి డబ్బల ఎన్ని గోలీలున్నయో లెక్కవెట్టాలె.