తాళం ఉంది సరే, ఏ కాలం నాటిది?

మొన్న సంక్రాంతికి ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడు మా బావ నడిపే ఆన్‌లైన్ సెంటర్లో రెండు గంటలు కూచున్నాను. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పట్టాదారు పాసుపుస్తకం బల్ల మీద పెడతారు. బావ వాటిని స్కాన్ చేసి, ఒక కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తాడు. కంపెనీ పేరు చెప్పను. చెప్పి లాభం కూడా లేదు, ఇలాంటివి ఊరికి నాలుగుంటాయి.

చేతులు ఊరుకోక, బావను అడిగి ఆ కంప్యూటర్లో వైర్‌షార్క్ పెట్టి చూశాను. సర్వర్ హలోలో వెర్షన్ 0301. అంటే టీఎల్ఎస్ 1.0. ఆ ప్రోటోకాల్ 1999లో వచ్చింది!

"ఏమిరా, వైరసా?" అన్నాడు బావ.

"కాదు బావా. తాళం ఉంది, కానీ తుప్పు పట్టిన తాళం" అన్నాను.

కంపెనీకి మెయిల్ రాశాను. మర్నాడే జవాబొచ్చింది: మా సర్వర్ టీఎల్ఎస్ 1.3ని సపోర్ట్ చేస్తుంది, సర్టిఫికెట్ గడువు కూడా ఉంది అని. రెండూ నిజమే. రెండూ నేనడిగినదానికి జవాబు కాదు. నా కోపం ఆ కంపెనీ మీద కాదండీ. ఆ జవాబు రాసింది మనలాంటి ఇంజనీరే, అదీ నా బాధ.

మా వైపు కేసీ కెనాల్ ఉంది. కర్నూలు దగ్గర సుంకేసులలో మొదలై కడప జిల్లా దాకా వస్తుంది. చివరి ఆయకట్టు రైతు దగ్గరికి పోయి "సుంకేసులలో ఇన్ని క్యూసెక్కులు వదిలాం" అని కాగితం చూపిస్తే ఏమంటాడు? "నా మడిలోకి ఎన్ని వచ్చినాయో చెప్పు సామీ" అంటాడు. సర్వర్ "సపోర్ట్" చేసేది సుంకేసుల లెక్క. ప్రతి కనెక్షన్లో నిజంగా కుదిరిన వెర్షన్ మడి లెక్క. మనం మొదటిది చూసి రెండోది రాసేస్తున్నాం.

ఇదెలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. క్లయింటు తనకు ఏ వెర్షన్లు వచ్చో చెబుతుంది, సర్వర్ ఒకటి ఎంచుకుంటుంది. బావ దగ్గరున్న సాఫ్ట్‌వేర్ జావా 7 మీద నడుస్తోంది. అందులో 1.2 ఉంది కానీ క్లయింటు వైపు డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండదు, ఆ మార్పు 2014లో జావా 8తో వచ్చింది. సర్వర్ పాతదానికి కూడా తలుపు తీసి ఉంచింది. ఎర్రర్ రాదు, ఎవరూ ఫోన్ చెయ్యరు. పని జరుగుతోంది కదా అని అందరూ సంతోషం!

1.0, 1.1ల హ్యాండ్‌షేక్‌లో ఎండీ5, షా-1 ఇంకా కూచుని ఉన్నాయి. ఏఈఏడీ సైఫర్లు వాటిలో లేవు. 1.0 మీద బీస్ట్ దాడి 2011లోనే చూపించారు. కార్డు చెల్లింపుల వాళ్ళు 2018 జూన్ 30 గడువు పెట్టుకుని వదిలించుకున్నారు. 2021 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 8996 రెండింటినీ వాడొద్దని తేల్చేసింది. ఇంక దేనికోసం ఆగుతున్నాం?

దీనికి మన దగ్గర ఒక రెడీమేడ్ సాకు ఉంది: "పల్లెల్లో పాత ఫోన్లు సార్, 1.0 తీసేస్తే వాళ్ళకి పని జరగదు." అయ్యా, ఆండ్రాయిడ్ 5.0 నుంచే 1.2 డిఫాల్ట్‌గా ఉంది. అది 2014 మాట. 2023 అక్టోబర్ నుంచి వాట్సాప్ కూడా అంతకన్నా పాత ఫోన్లలో పనిచెయ్యట్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో సేవల్ని ఆ వాట్సాప్‌లోకే తెచ్చింది. అది వాడే రైతు ఫోన్‌కి 1.2 వచ్చు. పాతబడింది ఆయన ఫోన్ కాదు, మనం తిరిగి బిల్డ్ చెయ్యని జార్ ఫైలు. మన బద్ధకాన్ని పల్లెటూరి మీద రుద్దడం ఏం న్యాయం?

చూడాలనుకుంటే ఐదు నిమిషాల పని. క్రోమ్‌లో ఎఫ్12 కొట్టి సెక్యూరిటీ ట్యాబ్ చూడండి. కర్ల్‌కి వెర్బోస్ పెడితే అదే చెబుతుంది. కానీ రెండు గోతులున్నాయి, రెంట్లోనూ నేను పడ్డాను.

ఒకటి. టీఎల్ఎస్ 1.3 పాత రూటర్లకు భయపడి 1.2 వేషం వేసుకుంటుంది. సర్వర్ హలోలో 0303 కనపడినంత మాత్రాన 1.2 అనుకోకండి. కింద సపోర్టెడ్ వెర్షన్స్ ఎక్స్‌టెన్షన్‌లో 0304 ఉంటే అది 1.3. అలాగే మొదటి క్లయింట్ హలో పైన రికార్డులో 0301 చూసి కంగారు పడొద్దు, కొత్త క్లయింట్లు కూడా అలా పంపుతాయి.

రెండు. మీ ల్యాప్‌టాప్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 ఉంటే అది డిఫాల్ట్ సెక్యూరిటీ లెవెల్లో 1.0తో మాట్లాడదు. టెస్ట్ ఫెయిలైంది కాబట్టి సర్వర్లో 1.0 ఆఫ్ అని రిపోర్ట్ రాసేస్తాం. ఫెయిలైంది మన వైపు! లెవెల్ సున్నాకి దించి మళ్ళీ అడగాలి.

అన్నిటికన్నా మేలు, ఎన్‌జినెక్స్ యాక్సెస్ లాగ్‌లో ఎస్ఎస్ఎల్ ప్రోటోకాల్ వేరియబుల్ చేర్చడం. ఒక్క లైను. వారం తర్వాత ఏ క్లయింటు ఏ వెర్షన్‌తో వస్తోందో లెక్క మీ చేతిలో ఉంటుంది. అప్పుడు ఆ నలుగురినీ అప్‌గ్రేడ్ చేయించి పాత తలుపు మూసెయ్యొచ్చు.

"వెర్షన్ ఒక్కటీ సరిచేస్తే అంతా భద్రమా?" అని అడుగుతారు. కాదు. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో లక్షా ముప్ఫై వేల పైచిలుకు లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బయటికి కనపడ్డాయి. దాన్ని ఏ టీఎల్ఎస్సూ ఆపలేదు. కానీ ఇంటికి కిటికీలు లేవు కాబట్టి తలుపుకి గడియ ఎందుకు అనడం తర్కం కాదు కదా.

బావ బల్ల ముందు నిలబడ్డ ముసలాయన వైర్‌షార్క్ పెట్టి చూసుకోలేడు. తన పాసుపుస్తకం ఎలా పోతోందో ఆయన అడగడు, అడగాలని కూడా తెలియదు. ఆయన బదులు అడగాల్సింది మనమే. రేపు ఆఫీసుకెళ్ళాక మీ లాగ్‌లో ఆ ఒక్క లైను చేర్చండి. ఏం కనపడిందో చూశాక, నాతో వాదనకు రండి.