ఓరచూపుకు అందే వెలుగు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ చదువరులను ఒక మాట అడుగుతాము. మీ పిల్లలు పాలపుంతను ఎన్నడైనా చూశారా? మన మేడల మీద నిలిచి తలయెత్తితే కొద్దిపాటి చుక్కలే కనబడతాయి. తక్కినవన్నీ వీధిదీపాల, దుకాణాల వెలుగులో మరుగైపోయాయి.

ఈ నెల అంతకన్నా మసకైన గెలాక్సీలను గూర్చి ముచ్చటించుకొందాము. గెలాక్సీ అనగా కోటానుకోట్ల నక్షత్రాల సమూహము. అనేక గెలాక్సీలు దోసెవలె చదునుగా ఉంటాయి. దోసెను పైనుండి చూస్తే గుండ్రము. కంటి ఎత్తున పట్టి అంచువైపునుండి చూస్తే సన్నని గీత. ఉత్తర, స్వాతి నక్షత్రాల నడుమ, కొంచెం ఉత్తరముగా, అటువంటిది ఒకటున్నది. దాని పేరు ఎన్‌జీసీ 4565. 'సూది గెలాక్సీ' అని కూడ అంటారు. విలియం హెర్షెల్ తాను స్వయంగా తయారుచేసుకొన్న దుర్భిణితో 1785లో దీనిని కనుగొన్నాడు. దాని వెలుగు మనలను చేరడానికి 3 నుండి 5 కోట్ల సంవత్సరాలు పడుతుంది.

ఔత్సాహికులు వాడే 12 అంగుళాల అద్దపు దుర్భిణి మన కంటికన్నా దాదాపు 2 వేల రెట్లు వెలుగును పోగుచేస్తుంది. అందులో ఈ గెలాక్సీ మధ్యలో కాస్త ఉబ్బిన బూడిదరంగు గీతగా కనబడుతుంది. నిదానించి చూస్తే ఆ గీత వెంబడి నల్లని చార ఒకటి తోస్తుంది. అది ధూళి. మన పాలపుంతలోని నల్లని మరకలూ అటువంటివే. మనము మన గెలాక్సీని లోపలనుండి, అంచువైపుగా చూస్తున్నాము.

అదే దుర్భిణిని అశోక్‌నగర్ మేడమీద పెడితే, అద్దం గెలాక్సీ వెలుగుతోపాటు తెల్లబారిన ఆకాశపు వెలుగును కూడ పోగుచేస్తుంది. సూది అందులో కలిసిపోతుంది. 1901లో మొదలైన నిజామియా వేధశాల ఈ నగరములోనే ఉండేది. కాని 1960 దశకములో ఉస్మానియా విశ్వవిద్యాలయము తన 48 అంగుళాల దుర్భిణి కొరకు నగరానికి దూరాన జపాల్, రంగాపూర్ గ్రామాల చెంత చోటు చూసుకొన్నది.

వేసవి సెలవులకు ఊరికి వెళ్లేవారు ఏప్రిల్‌లో వెన్నెల లేని రాత్రిని ఎంచుకోండి. రాత్రి 11 గంటల ప్రాంతములో సూది గెలాక్సీ దాదాపు నడినెత్తిన ఉంటుంది. ముందుగా అరగంటసేపు సెల్‌ఫోను, టార్చిలైటు ముట్టకండి. కన్ను చీకటికి అలవాటుపడాలి. తరువాత గెలాక్సీవైపు సూటిగా కాక, కొంచెం ప్రక్కకు చూడండి. మసక వెలుగును పట్టే కణాలు కంటి నడుమకన్నా అంచులలోనే ఎక్కువ.

దుర్భిణి లేనివారు తెల్లవారుజామున పిల్లలను లేపి దక్షిణముగా వృశ్చికరాశివైపు చూపించండి. పాలపుంత అక్కడ కనబడుతుంది. తిరిగి వచ్చాక, మన మేడమీద రాత్రంతా ఊరకే వెలిగే దీపాన్ని ఆర్పడము ఎందుకో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.