బోరింగు చెడితే ఎవరు చూస్తారు?
పేద దేశాలకు యంత్రాలు పంపే సేవా సంస్థలను ముందుగా అడగాల్సింది ఒకటే: చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? దక్షిణాఫ్రికాలో పుట్టిన ప్లేపంప్‌నే చూడండి. పిల్లలు రాట్నం తిప్పి ఆడుకుంటే నీళ్లు వాటంతటవే పైకొస్తాయన్నారు. 2006లో అమెరికా ప్రభుత్వం, దాతలు కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఆడే పిల్లలు లేని వేళ దాన్ని తిప్పే బరువు ఆడవాళ్ల మీదే పడింది. మన ఊళ్ల బోరింగు, అంటే 1970లలో యూనిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలోనే తయారైన ఇండియా మార్క్-2 చేతిపంపు మాత్రం చూపుకు ఆనదు. అదీ చెడితే, బాగుచేయడానికి పైపులు పైకి లాగాలంటే మెకానిక్, బరువైన పనిముట్లు కావాలి; ఆ తిప్పలు తగ్గించడానికే మార్క్-3 వచ్చింది. నా దృష్టిలో అసలు సాంకేతికత ఆ సవరణే. ప్రారంభోత్సవానికి డబ్బిచ్చే దాత, మూడేళ్ల తర్వాత వాషర్లకూ మెకానిక్ కూలికీ ఎందుకివ్వడు?