పిల్లల పుస్తకానికి పరిచయమే ఏజెంటు

సాంఘిక సంక్షేమ గురుకులంలో తెలుగు బోధిస్తున్న నా పూర్వ విద్యార్థిని ఒకరు మూడేళ్ల క్రితం పిల్లల కోసం ఒక బొమ్మల కథ రాశారు. మొత్తం ఇరవై నాలుగు పేజీలు. ఊళ్లో పెళ్లి ఊరేగింపుకు తండ్రి డప్పు కొట్టాలి. తోడు వెళ్లిన పదేళ్ల కూతురు గడ్డిమంట వేసి డప్పు కాపుతుంది. ఊరేగింపులో తన తరగతి పిల్లలు కనబడగానే గోడ చాటుకు వెళ్లిపోతుంది. తిరిగి బయటికి వస్తుందా, వస్తే ఏ ముఖంతో వస్తుంది అన్నదే కథ. ఆ రాతప్రతిని ఆమె ఒక ప్రచురణ సంస్థకు పంపారు. పద్నాలుగు నెలలు గడిచినా అందిందన్న మాట కూడా రాలేదు.

రచన తిరస్కరణకు గురికావడం దానికదే అన్యాయం కాదు. వద్దనడం సంపాదకుని వృత్తిధర్మంలో భాగమే. నా ప్రశ్న అంతకు ముందరిది. ఎవరి రాతప్రతి సంపాదకుని బల్ల మీదికి చేరుతున్నది? ఎవరిది అటక మీద ఉండిపోతున్నది?

అమెరికా ప్రచురణ రంగంలో పెద్ద సంస్థలు చాలావరకు రచయిత నేరుగా పంపిన రాతప్రతిని చూడవు. అది సాహిత్య ఏజెంటు ద్వారా రావాలి. రచయిత ఆదాయంలో సాధారణంగా 15 శాతం ఏజెంటుకు పోతుంది. అయితే ఏ ఏజెంటు ఎటువంటి కథలు కోరుతున్నదీ, ఎన్ని పేజీలు పంపాలో, జవాబుకు ఎన్ని వారాలు పడుతుందో చాలామంది బహిరంగంగానే ప్రకటిస్తారు. అంతమాత్రాన అక్కడ వివక్ష లేదని కాదు. మూడేళ్లలో వెలువడిన ఐదువేలకు పైగా పిల్లల పుస్తకాలను పరిశీలించి, నల్లజాతి మనిషి ఒక్కరైనా కనిపించేవి 6.7 శాతమేనని 1965లో నాన్సీ లారిక్ తేల్చారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని పిల్లల పుస్తకాల కేంద్రం లెక్కలో 1985లో వచ్చిన సుమారు 2,500 పుస్తకాలలో నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసినవి 18 మాత్రమే. గడప కనిపిస్తున్నది కనుక దాని ఎత్తు కొలవడం వారికి సాధ్యమైంది.

మనకు ఏజెంట్లు లేరు. అందుచేత గడపే లేదనుకుంటాం. నిజానికి తెలుగులో పరిచయమే ఏజెంటు. సభలో పలకరించే పెద్దమనిషి, ముందుమాట రాసిపెట్టే ఆచార్యుడు, హాస్టల్ గదిలో కలిసి ఉన్న స్నేహితుడు, ఇంటిపేరు వినగానే తెలిసిపోయే బంధుత్వం, ఇవన్నీ రాతప్రతి కంటే ముందు వెళ్లి తలుపు తడతాయి. ఈ పరిచయాలు ఎవరో కుట్రపన్ని కట్టినవి కావు. ఎవరు ఎవరింట భోజనం చేశారో, ఎవరు ఎవరికి పిల్లనిచ్చారో దానివెంట పరుచుకున్న దారులవి. వాటికి కులం అని పేరు పెట్టడానికి మాత్రం సాహిత్యరంగం ఇబ్బంది పడుతుంది.

పరిచయం లేనివారికి మిగిలేది స్వీయ ప్రచురణ. దళిత, బహుజన కవిత్వం చాలామటుకు ఆ దారినే వచ్చింది. నలుపు తెలుపుల్లో ఐదువందల ప్రతులు, జీతంలోంచి కొంత, మిత్రుల చందా కొంత. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనంగా వచ్చేనాటికే ఆ గొంతులను కాదనగల స్థితి సంపాదకులకు లేదు. పిల్లల బొమ్మల పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. దానికి చిత్రకారుడు కావాలి, ప్రతి పేజీకీ రంగులు కావాలి, మందపాటి కాగితం కావాలి. గురుకుల ఉపాధ్యాయిని చీటీ పాడి వేసుకోగలిగిన పుస్తకం కాదది. కవిత్వంలో తిరుగుబాటుకు దొరికిన చవక అచ్చు బాలసాహిత్యానికి దొరకలేదు. మన వచనం, కవిత్వం ఎంత మారినా పిల్లల పుస్తకం ఇంకా రాజుగారి కోటలోనూ జమీందారు ఇంటి పెరట్లోనూ తిరుగుతుండటానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. 2015లో మొదలైన ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వేదికలో ఎవరైనా కథ పెట్టవచ్చు. మంచి పనే. కానీ తెర మీది కథ వేరు, పిల్ల చేతిలో ఉండే పుస్తకం వేరు.

రాతప్రతి బల్ల మీదికి చేరిన తరువాత మరో మాట వినిపిస్తుంది: పసిపిల్లలకు కులం గొడవ ఎందుకు? సాతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్ననాడు అంబేడ్కర్ పసివాడే. బడి నౌకరు వచ్చి నీళ్లు పోస్తే తప్ప దాహం తీరని పిల్లవాడాయన. ఆ అనుభవం పిల్లవాడికి తగినది కానప్పుడు బడి దానిని ఆపలేదు. కథగా రాస్తే మాత్రం వయసుకు మించినదవుతుంది! కులం బరువైన విషయమని పిల్లలందరూ అనుకోరు. కొందరికి అది రోజూ మోసే సంచి.

పేరు తొలగించి రాతప్రతులు చదివితే సరిపోతుందని కొందరు మిత్రులు సూచిస్తారు. పోటీలకు అది కొంత మేలు చేస్తుంది. కానీ తెలుగులో ఇంటిపేరు కొట్టేసినంత మాత్రాన కులం చెరిగిపోదు. కథలో పిల్ల తల్లిని ఏమని పిలుస్తుంది, పొయ్యి మీద ఏమి ఉడుకుతున్నది, ‘ఇల్లు’ అన్నప్పుడు ఎన్ని గదులు కళ్లముందు కదులుతాయి, వీటితోనే రచయిత ఎవరో తెలిసిపోతుంది. పేరు చూడని పరీక్షకుడు కూడా భాషను చూస్తాడు. చూసి, పిల్లలకు అర్థం కాదంటాడు. ఏ పిల్లలకు?

భిన్నంగా జరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2008లో అన్వేషి పరిశోధన కేంద్రం ‘డిఫరెంట్ టేల్స్’ వరుసను తెలుగు, మలయాళం, ఇంగ్లిషులలో తెచ్చింది. గోగు శ్యామల, ఎం.ఎం. వినోదిని కథలు అందులో ఉన్నాయి. మహమ్మద్ ఖదీర్ బాబు తలకాయ కూర కథా ఉంది. అంతకు ఏడాది ముందు నవయాన ప్రచురించిన కంచ ఐలయ్య పుస్తకం కుమ్మరి, చాకలి, మంగలి శ్రమను పిల్లలకు శాస్త్రజ్ఞానంగా పరిచయం చేసింది. బొమ్మలు గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్‌వి. టపాలో వచ్చినవాటిలోంచి ఏరుకోవడంతో ఇటువంటి పుస్తకాలు పుట్టవు. రాయగలవారు ఎక్కడున్నారో వెదుక్కుంటూ వెళ్లాలి.

ప్రైవేటు ప్రచురణకర్తను నిర్బంధించలేం. నష్టం వస్తే భరించేది ఆయనే. ప్రజాధనం సంగతి వేరు. రాజా రామమోహన రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ గానీ, రెండు రాష్ట్రాల గ్రంథాలయ, పాఠశాల విద్యాశాఖలు గానీ పిల్లల పుస్తకాలు కొనేటప్పుడు ప్రచురణకర్తను కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. రాతప్రతులు పంపే పద్ధతిని బహిరంగంగా ప్రకటించారా, గడువులోగా జవాబిస్తున్నారా, చదివే బృందంలో ఎవరున్నారు? వీటికి పెద్ద ఖర్చు కాదు. ఒక ఏడాది తెలుగులో వచ్చిన పిల్లల పుస్తకాలన్నీ సేకరించి, రాసిందెవరు, బొమ్మలు వేసిందెవరు, ముఖ్యపాత్ర ఎవరి బిడ్డ అని లెక్కగట్టే పనిని విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు చేపట్టవచ్చు. మా శాఖ కూడా ఇన్నాళ్లూ చేయలేదు. ఎం.ఫిల్. పట్టాకోసం ఒకే కవి మీద ఆరు సిద్ధాంత గ్రంథాలు రాయించిన వాళ్లం మనం.

నా విద్యార్థిని రాతప్రతికి చివరికి జవాబు వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పాలి. ఆమె అడగలేదు, నేనే ఆ సంస్థలో తెలిసిన ఒకరికి ఫోన్ చేశాను. పద్నాలుగు నెలలు చదవని కథను పదిరోజుల్లో చదివారు. మర్యాదగా, మెచ్చుకుంటూనే మూడు మార్పులు కోరారు. డప్పుకు తోలు ఆరబెట్టే పేజీ తీసేయాలి. చివర ఊరంతా కలిసి డప్పు వాయించినట్టు ముగించాలి. ‘సిర్ర’ అన్నచోట ‘కర్ర’ అని మార్చాలి.

ఉత్తరం చదివి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ చేసినందుకు నాకు కృతజ్ఞతలు కూడా చెప్పలేదు. అది నాకు సబబుగానే తోచింది. తోలు పేజీని కుదించడానికి ఒప్పుకున్నారు. ముగింపు మార్చనని రాశారు. సిర్ర గురించి మాత్రం ఒక వాక్యం చేర్చారు: దానితో కొట్టేవాళ్లెవరూ దాన్ని కర్ర అనరు, కావాలంటే పక్కన బొమ్మ వేయించండి అని. నాలుగు నెలలైంది. ఈసారి నేను ఫోన్ చేయలేదు.