వాకిట్లో బిళ్ళగన్నేరు

పొద్దున్నే సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద నాలుగడుగులు వేసి చూడండి. నడిచేవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేం కాదు. మాటలు పిల్లల పరీక్షలతో మొదలవుతాయి, కూరగాయల ధరల మీదుగా సాగుతాయి, చివరికి షుగరు దగ్గరికొచ్చి ఆగుతాయి. "గోలీలు మింగి మింగి కడుపు ఖరాబైతున్నది వదినా" అని ఒకరంటారు. "బిళ్ళగన్నేరు ఆకులు నాలుగు పరగడుపున నమలరాదూ! మా చెల్లె గదే నములుతున్నది. చెట్టు మందేనాయె, ఏం గాదు" అని ఇంకొకరి సలహా. సలహాకు ఫీజు లేదు. మొక్క వాకిట్లోనే ఉంది. మర్నాటి నుంచి ఆకు నోట్లోకి, మాత్ర అలమరలోకి వెళ్ళిపోతాయి.

ఆ సలహా చెప్పినావిడను వెక్కిరించడం మన ఉద్దేశం కాదు. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. జీవితాంతం మాత్రలంటే ఎవరికైనా విసుగే. పూచే మొక్కలో మందుందంటే ఆశ పుట్టడం సహజం. పైగా బిళ్ళగన్నేరులో మందు లేదని ఎవరూ అనలేరు. ఉంది. చాలా గట్టి మందే ఉంది. చిక్కంతా అక్కడే!

ఈ మొక్క సొంత ఊరు మడగాస్కర్ దీవి. మన దగ్గరలాగే జమైకాలో కూడా దీని ఆకుల కషాయం షుగరుకు మంచిదని జనం నమ్మేవారు. 1952లో అక్కడి ఆకులు కెనడాలో ఒక డాక్టరుకు చేరాయి. ఆయన వాటిని పరిశోధకుడైన తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపించారు. నోబుల్ ఆ సారాన్ని ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి చూస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు కొద్ది రోజుల్లోనే ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోయాయి. కారణం వెతికితే తేలిందేమిటి? వాటి ఒంట్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. రోగాన్ని ఎదిరించే సైన్యమే లేకుండా పోయింది.

తెల్లకణాలను తగ్గించే పదార్థమైతే, అవి అదుపు తప్పి పెరిగే లుకేమియాకు పనికి రాదా? ఆ ఆలోచనే చరిత్ర మార్చింది. నోబుల్, చార్లెస్ బీర్ కలిసి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. ఎలీ లిల్లీ కంపెనీ పరిశోధకులు కూడా ఇదే మొక్క మీద పనిచేసి విన్‌క్రిస్టిన్‌ను తీశారు. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఒకప్పుడు పిల్లలకు రక్త క్యాన్సరంటే బతకడం మీద ఆశ వదులుకోవడమే. ఈనాడు మంచి వైద్యం అందే దేశాల్లో ఆ పిల్లల్లో ఎక్కువమంది కోలుకుంటున్నారు. ఆ వైద్యంలో మన వాకిటి పువ్వుకూ వాటా ఉంది.

కానీ ఆ మందు ఎలా ఇస్తారో తెలుసా? గ్రాము మందు కోసం వందల కిలోల ఎండుటాకులు కావాలి. దాన్ని శుద్ధి చేసి, తూచి, నరంలోకి ఎక్కిస్తారు. విన్‌క్రిస్టిన్‌ను పెద్దవాళ్ళకైనా ఒక విడతకు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. అంత జాగ్రత్తగా ఇచ్చినా కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కడం, తీవ్రమైన మలబద్ధకం, జుట్టు రాలడం ఉంటాయి. అందుకే రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తారు.

మరి షుగరు మాటేమిటి? విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ ఆకు రసాన్ని కుందేళ్ళకు తాగించి చూశారు. వాటి రక్తంలో చక్కెర తగ్గిందని 2003లో ప్రచురించారు. ఇది కొట్టిపారేయాల్సిన విషయం కాదు. కానీ కుందేలు మనిషి కాదు కదా! మనుషుల మీద ఎక్కువ కాలం, పద్ధతిగా పరీక్షించి, ఎన్ని ఆకులు, ఎన్నాళ్ళు, ఎవరికి క్షేమమో తేల్చిన ఆధారం లేదు. ఈ మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. అవి మొక్క మొక్కకూ, నేల నేలకూ మారుతాయి. ఈ రోజు నాలుగాకుల్లో ఉన్నంతే రేపు కూడా ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

నాలుగాకులు నమిలిన ప్రతివాళ్ళకూ ఏదో అయిపోతుందని బెదిరించడం లేదు. ఎక్కువ నష్టం మాత్ర మానేయడంతోనే జరుగుతుంది. చక్కెర చప్పుడు చేయకుండా కళ్ళనూ, మూత్రపిండాలనూ, పాదాలనూ తినేస్తుంది. అలాగని మాత్రలతో పాటు ఆకు నమిలితే చక్కెర ఉన్నట్టుండి పడిపోయి కళ్ళు తిరిగే ప్రమాదమూ ఉంది. గర్భిణులు దీని జోలికే పోకూడదు. కణం విడిపోవడాన్ని ఆపే పదార్థాలున్న మొక్క ఇది. కడుపులో బిడ్డ పెరిగేదే కణాలు విడివడి కదా!

ఇంకో ముఖ్యమైన మాట. పేర్లు కలిశాయి గానీ బిళ్ళగన్నేరు వేరు, గన్నేరు వేరు, పచ్చగన్నేరు వేరు. ఈ చివరి రెండింటిలో ఉండేది గుండెను ఆపగలిగే విషం. "గన్నేరు ఆకు మంచిదట" అని సగం విన్న మాట పట్టుకుని పొరపాటు చేస్తే ప్రాణం మీదికొస్తుంది. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

ఒక తమాషా చెప్పనా? మీరు మానేద్దామనుకుంటున్న మెట్‌ఫార్మిన్ మాత్ర కథ కూడా ఒక పూల మొక్కతోనే మొదలైంది. యూరప్‌లో గలేగా అనే మొక్కను పూర్వం నాటువైద్యంలో వాడేవారు. దాన్ని మేసిన పశువులు చచ్చిపోయేవి. అందులోని పదార్థాన్ని అర్థం చేసుకుని, విషం తగ్గేలా మార్చి, మోతాదు కట్టి, 1957 నాటికి రోగులకు మందుగా తెచ్చారు. అంటే మాత్ర కూడా చెట్టు మందే. కాకపోతే పరీక్ష పాసైన చెట్టు మందు!

కాబట్టి మాత్ర పడకపోతే డాక్టరుతో చెప్పండి. తిన్నాక వేసుకోవడం, మోతాదు మార్చడం, వేరే మందు ఇవ్వడం లాంటి దారులున్నాయి. ఖర్చు బరువైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. ఇప్పటికే ఆకు నములుతున్నట్లయితే దాచకండి. ఎన్ని ఆకులు, ఎన్నాళ్ళనుంచీ అన్నది చెప్పండి. జ్వరాలు తరచూ వస్తుంటే రక్తపరీక్ష చేయించుకోండి.

బిళ్ళగన్నేరును పీకి పారేయమని కాదు. ఎండలోనూ వానలోనూ పూసే చల్లని తల్లి అది. నీళ్ళు పోయండి, పూలు దేవుడి పటానికి పెట్టండి. రేపు కట్ట మీద ఎవరైనా ఆకు సంగతి ఎత్తితే మాత్రం, "గోలీ మానకు వదినా, ముందు డాక్టరుకు చెప్పు" అని మీరే అనండి. ఆ సలహాకు కూడా ఫీజు లేదు.